ఇరవై నిమిషాలు

గురువారం పొద్దున పదిగంటలకు మదనపల్లెలో ముద్దుకృష్ణ షెడ్డు ముందు రెడ్డెప్ప ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. పేరుకి కూర్చోవడమే గానీ అది కాపలా. తన తెల్ల అంబాసిడర్ బానెట్ ఊడదీసి గోడకి ఆనించినప్పటి నుంచీ అతని కళ్ళు ముద్దుకృష్ణ చేతుల మీదినుంచి కదల్లేదు. రేడియేటర్ దించితే ఒక ఫోటో. రాకర్ విప్పితే ఇంకో ఫోటో. బోల్టు పళ్ళెంలో పడ్డప్పుడల్లా పెదవులు కదిలించి లెక్క. టీ వచ్చింది, మీగడ కట్టింది, ఈగ పడింది. ఒంటికి పోవాల్సి వచ్చినా లేవలేదు. లేచి వచ్చేలోపల ఏది తీసి ఏది పెడతాడో ఎవరికి తెలుసు?

పుంగనూరులో రెడ్డెప్పకి పాల సెంటర్ ఉంది. రెండు పూటలా క్యాన్ల మూతలు తీసి, లాక్టోమీటరు ముంచి, "ఈ పొద్దు ఎన్ని చెంబులు కలిపినావు?" అని అడగడం అతని పని. కలిపినవాడినీ అడుగుతాడు, కలపనివాడినీ అడుగుతాడు. పద్దెనిమిదేళ్ళుగా అడిగీ అడిగీ, మనిషి ఎదురుపడితే ముందు లోపల ఎన్ని నీళ్ళున్నాయో అని చూడటం అలవాటైపోయింది. పెళ్ళాం సుమలత పెట్టే కాఫీని కూడా ఒకసారి గ్లాసు వంచి చూసుకుని తాగుతాడు. ఆమె అనడం మానేసింది.

"మేస్త్రీ, ఇంజను కట్టి మూన్నెల్లు గూడా కాలే," అన్నాడు పదోసారి. "తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగింటాది, అంతే. మిట్ట కనిపిస్తే సాలు, దగ్గుతాండాది. కార్బురేటర్లో నించి టప్పు టప్పుమని తుమ్ములు. కొత్త ఇంజను యాల తుమ్ముతాది, సెప్పు?"

"సూస్తాండా కదప్పా," అన్నాడు ముద్దుకృష్ణ.

ముద్దుకృష్ణకి యాభై ఏడేళ్ళు. మోకాళ్ళు రెండూ పోయాయి. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని పని చేస్తాడు, లేవాలంటే బంపర్ పట్టుకుని, పళ్ళు కొరుక్కుని, రెండు విడతలుగా లేస్తాడు. ఇంజను పక్కనున్న రెండు రేకు మూతలు విప్పి, లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి, టాపెట్లని ఒక్కొక్కటే బయటికి తీశాడు. కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టాడు, ఏది ఏ గుంటలోదో తారుమారు కాకుండా. మూడోది పెట్టబోయి ఆగాడు. దాని అడుగుభాగాన్ని ఎండకి తిప్పి చూశాడు. బొటనవేలితో తడిమాడు. ఏమీ మాట్లాడలేదు.

ఆ మాట్లాడకపోవడం రెడ్డెప్పకి పట్టుబడింది. "ఏంది? ఏముండాది దాంట్లో? ఇట్లియ్యి."

"అడుగు గుంట పడిందప్పా. నున్నగా ఉబ్బెత్తుగా ఉండాల. ఇది సూడు, చెంచా మాదిరి అయిపోయింది."

క్యాంషాఫ్ట్ బయటికి రావడానికి ఇంకో గంట పట్టింది. మూరంబావు పొడుగు ఇనుప కడ్డీ. దాని మీద ఎనిమిది ముక్కులు. ఆ ముక్కులు తిరుగుతూ టాపెట్లని ఎత్తితేనే వాల్వులు తెరుచుకుంటాయి. ఎనిమిదింటిలో మూడు ముక్కులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. గోకినట్టు గీతలు. రెడ్డెప్ప దాన్ని రెండు చేతులతో లాక్కున్నాడు. చొక్కాకి నల్లనూనె అంటుకున్నా చూసుకోలేదు.

"కొత్తదంటివి! కుప్పంలో భీమరావు దగ్గర కొత్తది కోయించి తెచ్చినానంటివి! ఇది కొత్తదా మేస్త్రీ? నాకు కండ్లు లేవనుకుంటివా?"

పక్కనున్న పంచర్ షాపువాడు తొంగి చూశాడు. బ్యాటరీ షాపు ముందు నిలబడ్డ ఇద్దరు ఇటు తిరిగారు. ముద్దుకృష్ణ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"కొత్తదేనప్పా. ఆ పొద్దు మీ ఇంటికాడ పూజలో..."

"పూజ మాట ఎత్తొద్దు! చేసిందంతా చేసి దేవుని మీదికి తోస్తావా?"

ముద్దుకృష్ణ గుడ్డని ఒళ్ళో పడేశాడు. కాసేపు ఆ గుడ్ల అట్ట కేసి చూశాడు. తర్వాత నిమ్మళంగా, "సరేలే. కొత్త క్యాం తెప్పిస్తా, నేనే వేసిస్తా. నా పనికి ఒక్క రూపాయి ఇయ్యొద్దు," అన్నాడు.

అంతే. రెడ్డెప్పకి అంతకన్నా ఏం కావాలి? తప్పు చేయనివాడు ఊరికే చేసిస్తానంటాడా? పాలల్లో నీళ్ళు దొరికినవాడు కూడా సరిగ్గా ఇట్లాగే అంటాడు, ఈ క్యాన్ వదిలెయ్యన్నా, రేపు మంచివి పోస్తా అని. దొరికిపోయాడు దొంగ, అనుకున్నాడు. అనుకుని మనసులో కొంచెం సంతోషపడ్డాడు కూడా.

మధ్యాహ్నం ముద్దుకృష్ణ భార్య చెంగమ్మ క్యారియర్ తీసుకుని వచ్చింది. భర్తకి పెట్టి, రెడ్డెప్పకీ ఒక గిన్నెలో సంగటి, పప్పు పెట్టింది.

"తినన్నా. పొద్దన్నించీ ఈడే కూర్చోనుండావంట. సోమవారం నించి మీ ఊర్లోనే కదా ఈయప్ప. పుంగనూరు ఐటీఐలో మెకానిక్ సారు. నెల జీతమంట, కుర్చీ ఇస్తారంట. బండ్ల కింద దూరే పని తప్పితే సాలు నా తల్లీ అని మొక్కుకున్నా. రాత్రి మంచం మీద నించి దిగాలంటే ఏడుస్తాడన్నా ఈ మనిషి."

"ఊరుకోవే," అన్నాడు ముద్దుకృష్ణ.

రెడ్డెప్ప సంగటి ముద్ద తుంచుతూ ఉండిపోయాడు. ఆ ఐటీఐ నడిపేది ఆదినారాయణ. సుమలతకి పెద్దమ్మ కొడుకు. వాడు నిన్ననే ఫోన్ చేసి అడిగాడు, "బావా, ముద్దుకృష్ణ నీ ఇంజను కట్టినాడు కదా, మనిషి ఎట్లాంటోడు?" అని. "ఆగు, తొందరపడొద్దు, నాకు అనుమానంగా ఉండాది," అని చెప్పాడు రెడ్డెప్ప. ఆ సంగతి ఈమెకి తెలియదు. తెలియకుండానే పప్పు ఇంకో గరిటె వేసింది.

"కుప్పానికి నేనే పోతా," అన్నాడు రెడ్డెప్ప చెయ్యి కడుక్కుంటూ. "క్యాం నేనే తెస్తా. నువ్వు పోవద్దు."

"నీ ఇష్టమప్పా."

అరిగిన క్యాంషాఫ్ట్‌నీ టాపెట్లనీ పాత తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాడు. షెడ్డులో వదిలితే మాయం చేయడూ?

శుక్రవారం పలమనేరులో ఒక బస్సు, వి.కోటలో ఇంకో బస్సు మారి కుప్పం చేరేసరికి పదకొండున్నర. దారిపొడుగునా తువ్వాల మూట ఒళ్ళోనే. పక్క సీటు ముసలాయన "ఏందప్పా అది?" అని అడిగితే, "నీకెందుకు?" అన్నాడు.

భీమరావు లేత్ షాపు రైల్వేస్టేషన్ రోడ్డులో ఉంది. లోపల రెండు లేతులు, క్యాంషాఫ్టులు సానబట్టే మిషను ఒకటి. భీమరావుకి డెబ్బై దాటాయి, కళ్ళద్దాలు తాడుతో మెడకి వేలాడుతున్నాయి. మాటలో కన్నడం, తమిళం రెండూ కలిసి ఉంటాయి. రెడ్డెప్ప మూట విప్పి బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"సార్, ఇది సూసి ఒకేఒక మాట చెప్పండి. ఇది పాతదా, కొత్తదా? మెకానిక్ ముద్దుకృష్ణ నాకు పాతది వేసి కొత్తదని చెప్పినాడు. మీ నోటితో చెప్తే సాలు."

భీమరావు కడ్డీ చివర నూనె తుడిచాడు. అక్కడ మూడు పంచ్ చుక్కలు. వాటి మీద గోరు పెట్టాడు.

"ఇది నా గుర్తు. నేను కోసిందే. కోసి మూడు నెలలై ఉంటాది."

"సార్, బాగా సూడండి..."

"ఏందయ్యా సూసేది? నా చేత్తో నేను కొట్టిన చుక్క నాకు తెలీదా? ఈడ సూడు, బేరింగులో కూర్చునే తావు. సానబట్టిన గీత ఇంకా పోలేదు. పాతదైతే ఇక్కడ కూడా అరిగి ఉండాల కదా? ముక్కులు మాత్రమే పోయినాయి." టాపెట్ ఒకటి తీసి అద్దాలు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "అయ్యో. ఇది మొదటి రోజే చచ్చిపోయింది."

"అంటే?"

"మొదటిసారి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు స్పీడు ఎంతలో పెట్టినారు? ఎంతసేపు?"

జవాబు కోసం ఆగకుండా భీమరావు చెప్పుకుంటూ పోయాడు, ఎన్నోసార్లు చెప్పిన పాఠంలాగా. "ఈ ఇంజన్లో క్యాం కింద ఉంటాది. క్రాంకు గిర్రుమని తిరిగితేనే నూనె చిమ్మి క్యాం మీద పడేది. కొత్త క్యాం, కొత్త టాపెట్లు. రెండూ ఒకదానికొకటి కుదురుకోవాల. దానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఇంజను అరవాల. కాలు తీయకూడదు. మెల్లగా తిప్పినారనుకో, నూనె అందదు, ఎండు ఇనుము మీద ఎండు ఇనుము. పై పొర లేచిపోతాది. పొర పోయినాక సబ్బుబిళ్ళ అరిగినట్టు అరుగుతాది, అంతే. తొమ్మిది వందల కిలోమీటర్లు వచ్చిందంటే ఎక్కువ."

లేత్ మీద పనివాడు ఏదో కోస్తున్నాడు, ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా కింద పడుతోంది. రెడ్డెప్ప దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చెవుల్లో వేరే శబ్దం.

పుంగనూరులో తన ఇంటి ముందు. శుక్రవారం, పదీ ఇరవైకి ముహూర్తం. కట్టిన ఇంజను మొదటి కూత ముహూర్తంలోనే రావాలని పట్టుబట్టి, కారుని మదనపల్లె నుంచి ట్రాక్టరుతో తాడు కట్టి లాగించుకొచ్చాడు. షెడ్డులోనే ఒకసారి తిప్పి పంపుతానని ముద్దుకృష్ణ ఎంత మొత్తుకున్నా వినలేదు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు స్వస్తిక్, సుమలత చేతిలో హారతి పళ్ళెం, వీధి వీధంతా జనం. ముద్దుకృష్ణ స్టార్ట్ చేసి, వెంటనే యాక్సిలేటర్ కమ్మీ పట్టి లాగాడు. అబ్బా, ఏం అరుపు! పొగ అయ్యవారి మొహం మీదికే కొట్టింది. మంత్రం ఆగిపోయింది. ఆదినారాయణ చెవులు మూసుకున్నాడు. రెడ్డెప్పకి ఒళ్ళు మండిపోయింది. పసిగుడ్డులాంటి కొత్త ఇంజన్ని ఇట్లా అరిపిస్తాడేమిటి, చెడిపోయి మళ్ళీ తన షెడ్డుకే రావాలనా? పోయి చెయ్యి పట్టి తోసేశాడు. ముద్దుకృష్ణ "అప్పా, ఇరవై నిమిషాలు..." అంటూ మళ్ళీ పట్టుకోబోతే, "పక్కకి పో మేస్త్రీ!" అని అందరి ముందూ కసిరాడు. ముద్దుకృష్ణ చేతులు కట్టుకుని గోడపక్కకి పోయి నిలబడ్డాడు. పూజ మధ్యలో ఇంజను ఆగకూడదు, అరవకూడదు. ముప్పావుగంట అట్లాగే గుక్కు గుక్కుమంటూ తిరిగింది. ఎంత నెమ్మదిగా తిరుగుతోందో చూడు అని రెడ్డెప్ప మురిసిపోయాడు కూడా.

"ఏమయ్యా, అడుగుతుండాను కదా. మెల్లగా తిప్పినారా?" అన్నాడు భీమరావు.

"ఆఁ... మెల్లగానే."

"ఎవరు పెట్టింది?"

అబద్ధం చెప్పాలని రెడ్డెప్ప ఇంటి దగ్గర నుంచి అనుకుని రాలేదు. నోటికి అదే వచ్చింది.

"ముద్దుకృష్ణే."

భీమరావు టాపెట్‌ని బల్ల మీద పడేశాడు. "ఛీ. ముప్పై ఏండ్లుగా నా దగ్గరికి వస్తాడు. వాడికి తెలీకుండా ఎట్ల పోయింది? ముసలోడైనాడు, బుద్ధి మందగించింది. ఇంక వాడికి నా సరుకు ఇయ్యను, పో. నీకు జరిగిన నష్టానికి తప్పు వాడిదే."

రెడ్డెప్ప తల ఊపాడు. తను దేనికోసం మూడు బస్సులెక్కి వచ్చాడో అది దొరికింది. పెద్దమనిషి నోటితో, అచ్చంగా. జేబులో పెట్టుకుని పోవడమే తరువాయి. మరి గుండెలో ఆ బరువేమిటి? నిన్నటి సంగటి ఇంకా అరగలేదా ఏమిటి?

అంబాసిడర్‌దే ఒక కొత్త కడ్డీ సగం కోసి పెట్టింది ఉందన్నాడు భీమరావు. సాయంత్రం నాలుగింటి దాకా బెంచీ మీద కూర్చోబెట్టాడు. మిషను మీద ఒక్కొక్క ముక్కునీ సానబడుతూ, ఆపి, కొలిచి, మళ్ళీ సానబడుతూ ఉంటే రెడ్డెప్ప చూశాడు. నిన్నటిలాగా ఫోటోలు తీయలేదు. భీమరావు ఆఖర్న సుత్తి, పంచ్ తీసుకుని మూడు చుక్కలు కొట్టాడు. ముక్కులన్నిటికీ నల్లటి గ్రీజులాంటి మందు పూసి, కొత్త టాపెట్లు ఎనిమిదీ లెక్కపెట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. "ఇరవై నిమిషాలు," అన్నాడు వేలు చూపించి. "ఎవడు కట్టినా సరే, ఆ ఇరవై నిమిషాలు మర్చిపోవద్దు."

కుప్పం బస్టాండులో ఉండగా ఆదినారాయణ ఫోన్.

"బావా, ఏమైంది నువ్వు చెప్తానన్న ప్రూఫ్? నాకు కమిటీవాళ్ళు ఒకటే పోరు."

వి.కోట బస్సు రివర్సు తీసుకుంటోంది, కండక్టరు విజిల్ వేస్తున్నాడు. ఇప్పుడు చెప్పేది కాదులే, ఇంటికి పోయి నిదానంగా చెప్దాం అనుకున్నాడు రెడ్డెప్ప. అనుకుంటూనే, "తప్పు ఆయప్పదే అని భీమరావే అన్నాడు," అన్నాడు. అన్నాడు కదా భీమరావు? అబద్ధమేముంది?

"అట్లనా. సరే బావా, నేను సూసుకుంటాలే," అని ఆదినారాయణ పెట్టేశాడు.

శనివారం పొద్దున షెడ్డుకి పోయేసరికి ముద్దుకృష్ణ ఇంజను లోపలంతా కిరసనాయిలుతో కడిగి, అడుగున నూనె ఉండే సంపు కూడా దించి శుభ్రం చేసి పెట్టాడు. రెడ్డెప్ప ఇచ్చిన పెట్టె అందుకుని, తెరిచి, చుక్కలు చూసి, మూత పెట్టాడు.

"భీమరావు సారు నిన్న ఫోన్ చేసినాడు," అన్నాడు తర్వాత. "బాగా తిట్టినాడు."

రెడ్డెప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పూజలో ఇంజను మెల్లగా పెట్టింది నేనేనంట కదా."

ఇంక మొదలవుతుంది, అనుకున్నాడు రెడ్డెప్ప. పంచర్ షాపు కేసి చూశాడు, వాడు వింటున్నాడేమోనని. కానీ ముద్దుకృష్ణ గొంతు పెంచలేదు.

"నిజమేలే. నువ్వు చెయ్యి తోసినావు, బాగానే ఉండాది. నీకేం తెలుసు? తెలిసినోడిని నేను. మళ్ళీ పట్టుకోవాల్సింది. కాళ్ళు పట్టుకోనైనా నిన్ను ఒప్పించాల్సింది. పూజ అనేసరికి నాకు నోరు పెగల్లే. అయ్యవారు, ఆడోళ్ళు, అంతమంది. నా చేతిలో ఉన్న ఇంజన్ని నేనే వదిలేసినా. అందుకే కూలీ వద్దన్నది."

రెడ్డెప్పకి మొదట ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే, యాల ఒప్పుకుంటున్నాడు ఈ మనిషి, అనుకున్నాడు. ఇంత సులువుగా ఎవరైనా తప్పు నెత్తిన వేసుకుంటారా? దేనికో ఉంటుంది. ఐటీఐ విషయం తెలిసిపోయిందా? తెలిసి, బతిమాలడానికి దారి వేస్తున్నాడా? ముద్దుకృష్ణ మొహంలోకి ఎగాదిగా చూశాడు. క్యాన్ మూత తీసి చూసినట్టే చూశాడు. ఎంత చూసినా ఏమీ కనిపించలేదు. ముద్దుకృష్ణ అప్పటికే తల వంచుకుని క్యాంషాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని, ఒక్క ముక్కు కూడా తగలకుండా, ఊపిరి బిగబట్టి ఇంజను లోపలికి జరుపుతున్నాడు.

ఆ రోజంతా రెడ్డెప్ప బోల్టులు లెక్కపెట్టలేదు. ముద్దుకృష్ణ ఏ స్పానర్ అడిగితే అది అందించాడు, సగం సార్లు తప్పుడుది. టాపెట్లు ఒక్కొక్కటే కూర్చోబెట్టి, చైను గుర్తులు కలిపి, వాల్వు సందులు సర్దేసరికి పొద్దు వాలింది. "రేపు స్టార్ట్ చేస్తాం," అన్నాడు ముద్దుకృష్ణ. "ముహూర్తం ఏమన్నా సూసుకోవాల్నా?"

అది ఎగతాళో, నిజంగా అడిగాడో రెడ్డెప్పకి అర్థం కాలేదు. "లేదు," అన్నాడు.

ఆదివారం పదకొండు గంటలకి ముద్దుకృష్ణ నూనె పోసి, రేడియేటర్ నింపి, రెడ్డెప్పని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"నువ్వే తొక్కు. నేను ముందర నిలబడి నూనె కారేది, వేడి అయ్యేది సూసుకోవాల. పట్టుకోగానే సగానికి తొక్కిపెట్టు. నేను చెయ్యి ఎత్తేదాకా తియ్యొద్దు. ఏమైనా సరే. సరేనా?"

"సరే."

ఇంజను పట్టుకుంది. రెడ్డెప్ప తొక్కాడు. రేకుల షెడ్డు మొత్తం అదిరింది. చూరు మీద పావురాలు లేచిపోయాయి. పొగ రోడ్డు మీదికి కమ్మింది. పంచర్ షాపువాడు, బ్యాటరీ షాపు వాళ్ళు, టీ అంగడి దగ్గర ఉన్నవాళ్ళు అందరూ వచ్చి గుమిగూడారు. చెంగమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చి, కొంగుతో ముక్కు మూసుకుని పక్కన నిలబడింది. ముద్దుకృష్ణ మణికట్టు మీద గడియారం చూసుకుంటూ, రెండో చెయ్యి ఇంజను పక్కన పెట్టి ఉంచాడు.

అయిదు నిమిషాలు అయింది. ఆదినారాయణ మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. మదనపల్లెకి ఏదో పనిమీద వచ్చి, కారు ఇక్కడే ఉందని సుమలత చెబితే వచ్చాడు. చెవులు మూసుకుని కిటికీ దగ్గరికి వచ్చి అరిచాడు.

"మళ్ళా అదే పని చేస్తాండాడే! ఆ పొద్దు పూజలోనూ ఇట్లే కదా అరిపించింది! నువ్వు చెప్పింది నిజమే బావా, ఈయప్పకి ఇంజనంటే ఏందో తెలీదు!"

"బావా, ఇట్లే తొక్కాల! ఆ పొద్దు చెడగొట్టింది నేనే!" అని అరిచాడు రెడ్డెప్ప.

"ఆఁ?"

"నేనే!"

ఆదినారాయణ చెవి దగ్గర చెయ్యి తిప్పి, వినపడలేదన్నట్టు నవ్వి, మళ్ళీ కలుద్దామని చెయ్యి ఊపి బండి కేసి నడిచాడు. రెడ్డెప్ప తలుపు పిడి పట్టుకున్నాడు. దిగి పరిగెత్తాలి. దిగితే ఇంజను వేగం పడిపోతుంది, ముక్కులు మళ్ళీ పోతాయి. ఫోన్లో చెప్పొచ్చు కదా? సాయంత్రం చెప్పొచ్చు, రేపు పొద్దున చెప్పొచ్చు. అట్లా అనుకుని కుప్పం బస్టాండులో ఏం చేశాడో గుర్తొచ్చింది. ఇంతమందిని అనుమానించాడు ఇన్నేళ్ళూ, తనని తాను మాత్రం ఒక్కసారీ మూత తీసి చూసుకోలేదు. ఇప్పుడు వదిలితే ఇంక జన్మలో చెప్పడని తనకి ఖాయంగా తెలుసు.

హారన్ మీద చెయ్యి వేసి నొక్కాడు. వదల్లేదు. జనమంతా ఉలిక్కిపడ్డారు. ముద్దుకృష్ణ తల ఎత్తి కళ్ళెర్రజేశాడు. ఆదినారాయణ వెనక్కి తిరిగాడు. రెడ్డెప్ప కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, ఆగు, ఆగు, పోవద్దు అని ఊపాడు. ఆదినారాయణ విసుక్కుంటూ బండి స్టాండు వేసి నిలబడ్డాడు.

ఇంకా పన్నెండు నిమిషాలు. పిక్క పట్టేసింది. చెమట కళ్ళలోకి కారుతోంది. ప్రతి నిమిషం ఒక సాకు తోచింది. ముద్దుకృష్ణ తనే ఒప్పుకున్నాడు కదా. భీమరావు కూడా అన్నాడు కదా. ఇంతమందిలో చెప్పడం అవసరమా, బావని పక్కకి పిలిచి చెబితే చాలదా? కానీ కసిరింది అందరి ముందూ కదా. ముద్దుకృష్ణ ఇంజను చుట్టూ తిరుగుతున్నాడు, మోకాలు ముడుచుకోక కాలు ఈడుస్తూ. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. తొక్కినవాడు కాలు తీయడని నమ్మేశాడు.

చివరికి ముద్దుకృష్ణ చెయ్యి ఎత్తాడు. రెడ్డెప్ప కాలు తీసి, తాళం తిప్పాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. చెవుల్లో గుయ్యిమంటోంది.

"ఏంది బావా ఇందాక అంటివి?" అన్నాడు ఆదినారాయణ.

రెడ్డెప్ప తలుపు తెరిచాడు గానీ లేవలేకపోయాడు. సీట్లో కూర్చునే చెప్పాడు, అందరికీ వినబడేట్టు.

"మొదటిసారి తిప్పేటప్పుడు ఇట్లే ఇరవై నిమిషాలు అరిపించాల. ఆ పొద్దు ఈ మేస్త్రీ చేసింది అదే. చెయ్యి పట్టి తోసేసింది నేను. క్యాం అరిగింది నావల్ల. పాతది వేసినాడని మూన్నాళ్ళుగా ఊరంతా చెప్పినా, అది అబద్ధం. భీమరావు దగ్గరా అబద్ధం చెప్పినా. ఈయప్ప చేతి పనిలో తప్పు లేదు బావా. ఉద్యోగం ఈయప్పకే ఇయ్యి."

ఆదినారాయణ మొహం మాడిపోయింది.

"ఇప్పుడు చెప్తే ఎట్ల బావా? శుక్రవారం నువ్వు ఫోన్లో అంటివి కదా, తప్పు ఆయప్పదే అని. నిన్ననే కమిటీలో పెట్టి పలమనేరు ఆయనకి ఆర్డర్ ఇచ్చేస్తిమి. ఆయన సంతకం గూడా చేసిపాయె."

ముద్దుకృష్ణ చేతిలో గుడ్డ ఉంది. దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. రెడ్డెప్ప కేసి చూశాడు. తిడతాడని, కొడతాడని కూడా రెడ్డెప్ప ఎదురుచూశాడు. ఆ క్షణంలో అదే మేలనిపించింది.

"ఆయిల్ దించాల," అన్నాడు ముద్దుకృష్ణ. "వేడి మీదనే దించాల. తొలి నూనెలో ఇనుము పొడి ఉంటాది."

"నేను దూరతా మేస్త్రీ. ఎట్ల విప్పాలో చెప్పు."

"నీకు తెలీదు. పక్కకి జరుగు."

బంపర్ పట్టుకుని ఒక మోకాలు వంచాడు. ఆగాడు. రెండోది వంచాడు. నేల మీద చెయ్యి ఆనించి, వెల్లకిలా పడుకుని, మెల్లగా కారు కిందికి జరిగిపోయాడు. ఆదినారాయణ బండి తీసుకుని వెళ్ళిపోయాడు. జనం ఒక్కొక్కరే పలచబడ్డారు.

చెంగమ్మకి ఇంజను హోరులో చెవులు దిబ్బడ వేసినట్టున్నాయి. సగమే విన్నది. క్యారియర్ కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"ఏమంటాండాడన్నా ఆ సారు? రేపు పొద్దున ఎనిమిదింటికే కదా పోవాల్సింది?"

కారు కింద స్పానర్ చప్పుడు ఆగింది.

రెడ్డెప్ప కారు దిగాడు. పట్టేసిన కాలు నేల మీద మోపి, ఆమె ఎదురుగా నిలబడి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.